పిల్లల చేతి నక్షత్రం

చీరాల,
నవంబర్ 22.

అమ్మా కరుణా,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో నీకు, అల్లుడుగారికి, పిల్లలకు దీవెనలు.

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి ఏదో పైపైన చెప్పి పెట్టేశాను గానీ, ఆ రాత్రంతా నా మనసు దాని మీదే ఉంది. ఈసారి క్రిస్మస్ అలంకరణ బజారులో కొనకుండా పిల్లల చేత చేయించాలని ఉందన్నావు. జోయెల్‌కు ఆరేళ్లు, చిట్టికి మూడున్నర, వాళ్ల చేతనయ్యేవి ఏముంటాయి అన్నావు. ముప్ఫై ఏళ్లు సండే స్కూలు పిల్లలతో గడిపినదాన్ని. ఈ ప్రశ్నకు వివరంగా రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

ముందు నక్షత్రం. వెదురు బద్దలు మీ నాన్న ఇప్పటికే చీల్చి, నున్నగా గీకి ఉంచారు. రెండడుగుల బద్దలు పది, జానెడు ముక్కలు అయిదు. పెన్సిలు ఎత్తకుండా అయిదు మొనల చుక్క ఎలా గీస్తామో, అలాగే అయిదు బద్దలు పేర్చి మొనల దగ్గర దారంతో కట్టాలి. అలాంటివి రెండు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి అయిదు మొనలూ కలిపి బిగించాలి. అప్పుడు మధ్యలో బద్దలు ఒకదాన్నొకటి దాటే అయిదు చోట్లా ఆ చిన్న ముక్కలు నిలబెడితే నక్షత్రానికి పొట్ట వస్తుంది. దీపం ఉండేది ఆ పొట్టలోనే. ఈ కట్టే పని నీది, అల్లుడుగారిది. పిల్లల పని కాగితం దగ్గర మొదలవుతుంది.

గాలిపటాల కాగితం తీసుకో. జిగురు ఇంట్లోనే కాచు. రెండు చెంచాల మైదా గ్లాసుడు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద తెల్లదనం పోయి నిగనిగలాడే దాకా తిప్పితే చాలు. మా చిన్నప్పుడు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేసేవారు. అది విషం. నువ్వు వెయ్యవద్దు, చిట్టి వేలు నోట్లోకి వెళ్లకుండా ఉండదు.

చిట్టికి కత్తెర ఇవ్వకు. కాగితం చింపమను. చింపడమంటే ఆ వయసు పిల్లలకు ఎంత ఇష్టమో నీకు తెలుసు. చింపిన ముక్కలు ఒకదాని అంచు మీద ఒకటి పడేలా జోయెల్ అంటిస్తాడు. వెనుకవైపు ఒక రెక్క మాత్రం అంటించకుండా వదలండి, బల్బు లోపలికి వెళ్లాలి. ఎల్‌ఈడీ బల్బే పెట్టు, అంతగా వేడెక్కదు. కొవ్వొత్తి మాత్రం వద్దే వద్దు. దీపం వేసిన తరువాత వాళ్లను దగ్గరకు పిలిచి చూపించు. పసుపు కాగితం మీద నీలం ముక్క పడినచోట ఆకుపచ్చ కనిపిస్తుంది. ఎవరూ అంటించని రంగు అది. మా సండే స్కూల్లో ఏటా ఏదో ఒక పిల్ల దాన్ని కనిపెట్టి కేక పెట్టేది.

ఇక్కడ నీకొక మాట చెప్పాలి. నీకు అయిదేళ్లప్పుడు మనింటి నక్షత్రానికి నువ్వే కాగితం అంటించావు. ఎర్ర కాగితం మీద నీలం, దాని మీద మళ్లీ ఎరుపు, ఒక మొన దగ్గర చిరుగు, అంతటా ముడతలు. ఆ రాత్రి క్యారల్స్ వాళ్లు మనింటికి వచ్చే వంతు. సంఘమంతా చూస్తుందని నువ్వు నిద్రపోగానే అదంతా ఊడదీసి కొత్త కాగితం నున్నగా అంటించాను. పొద్దున నువ్వు లేచి వాకిట్లోకి వెళ్లి, గడకర్ర కింద నిలబడి, మెడ వెనక్కి వాల్చి చాలాసేపు చూశావు. తరువాత లోపలికి వచ్చి "అమ్మా, నాది ఏది?" అన్నావు. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఆ తరువాతి సంవత్సరం కాగితం అంటించమంటే "నువ్వే అంటించమ్మా, నాకు రాదు" అన్నావు. నీకు గుర్తుందో లేదో తెలియదు, నేను మాత్రం మరిచిపోలేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. పిల్లలు పడుకున్నాక వాళ్లు చేసినదాన్ని సరిదిద్దకు తల్లీ. ఊడిపోయే మొన ఉంటే పొద్దున వాళ్లను లేపి, వాళ్ల చేతనే అంటించు.

విదేశాల్లో మొరేవియన్ నక్షత్రమని ఒకటుంది, అన్నివైపులా మొనలు పొడుచుకు వచ్చినట్టు ఉంటుంది. అది పుట్టింది పెద్ద పనివాళ్ల చేతుల్లో కాదు. 1830ల ప్రాంతంలో జర్మనీలోని నీస్కీ ఊళ్లో, మొరేవియన్ అనే క్రైస్తవ సంఘం వాళ్ల బడిలో రేఖాగణితం నేర్పడానికి పిల్లల చేత చేయించారు. ఇప్పుడు ఎన్ని దేశాల్లో వేలాడుతోందో!

రెండోది, రోజుల గొలుసు. "క్రిస్మస్ ఇంకా ఎన్ని రోజులు?" అని చిట్టి రోజుకు పదిసార్లు అడుగుతోందన్నావు కదా. 1839లో హాంబర్గ్‌లో వీహెర్న్ అనే పాస్టరు తన ఆశ్రమంలోని పేద పిల్లలు ఇదే ప్రశ్న అడుగుతుంటే, పాత బండిచక్రం మీద రోజుకొక చిన్న కొవ్వొత్తి, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన ఆదివారాలకు నాలుగు పెద్ద కొవ్వొత్తులు పెట్టి వెలిగించాడు. మీ ఫ్లాట్‌లో బండిచక్రం ఎందుకు, కాగితం చాలు. అంగుళం వెడల్పు పట్టీలు 24 కత్తిరించి, ఒకదానిలో ఒకటి దూర్చి అంటించండి. డిసెంబర్ 1 నుంచి రోజుకొక కడియం తెంపాలి. ప్రతి పట్టీ లోపల చిన్న పని ఒకటి రాసి ఉంచు. వాచ్‌మన్ తాతకు నమస్కారం చెప్పడం, అమ్మమ్మకు ఫోను చేయడం, మొక్కలకు నీళ్లు పోయడం, అలాంటివి. పని చేసిన రోజు ఒక గడ్డిపరక తీసుకువెళ్లి పశువుల తొట్టిలో వేయాలి. బాలయేసుకు పక్క మెత్తగా ఉండాలంటే ఎన్ని పరకలు కావాలో వాళ్లే లెక్కపెట్టుకుంటారు.

ఆ తొట్టి, పశువుల పాక చెప్పుల పెట్టెతో చేయించు. ఎండుగడ్డి నేను పంపుతున్నాను. డిసెంబర్ 14న గోధుమలు నానబెట్టి, మర్నాడు ఒక పళ్లెంలో తడి మట్టి మీద దగ్గర దగ్గరగా చల్లించు. రోజూ చేత్తో నీళ్లు చిలకరించే పని చిట్టిది. పండుగ నాటికి పాక ముందు పచ్చని బయలు లేస్తుంది. బొమ్మలకు రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, ముద్దకు సరిపడా నీళ్లు. ఎండలో రెండు మూడు రోజులు ఆరితే గట్టిపడతాయి. పసుపు, కాఫీ పొడి నీళ్లలో కలిపి పూయండి. గొర్రెలకు దూది.

బాలయేసుకు కానుకలు తెచ్చిన జ్ఞానులను జోయెల్ అయిదుగురిని చేస్తానంటే చేయనివ్వు. ముగ్గురని మత్తయి సువార్తలో ఎక్కడా లేదు, మూడన్నవి కానుకలే. ఎద్దు, గాడిద కూడా లూకా రాసిన కథలో లేవు. అక్కడ ఉన్నది పొత్తిగుడ్డలు, పశువుల తొట్టి, గొర్రెల కాపరులు. అయినా 1223లో ఇటలీలో, గ్రెచ్చో అనే కొండ ఊళ్లో, అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి నిజం ఎద్దును, నిజం గాడిదను, నిజం గడ్డిని తెచ్చి నిలబెట్టాడు. ఊరివాళ్లు కళ్లతో చూడాలని ఆయన కోరిక. పిల్లలకు కావలసిందీ అదే. కాబట్టి చిట్టి పాకలో కుక్కపిల్లను పెట్టినా తీసేయకు.

కార్డులకు బెండకాయ. ముదురు కాయను అడ్డంగా కోసి, రంగులో అద్ది కాగితం మీద ఒత్తితే అయిదు మొనల చుక్క పడుతుంది. అపార్టుమెంటులో అందరికీ ఇవ్వవచ్చు, గంటలో ఇరవై కార్డులు అవుతాయి.

వంటింట్లో గవ్వలు మాత్రం వాళ్ల చేత ఒత్తించు. మన గవ్వల పీట పంపుతున్నాను. చిట్టికి గోళీ అంత ఉండ ఇచ్చి బొటనవేలితో నొక్కి జరపమంటే అదే చుట్టుకుంటుంది. నూనె మూకుడు పొయ్యి మీదకు ఎక్కేసరికి ఇద్దరూ వంటింటి బయట ఉండాలి. వండాక వాళ్లు ఒత్తినవి వేరే గిన్నెలో దాచకు, అన్నింటితో కలిపి పొరుగువాళ్ల పళ్లేల్లో పెట్టు.

నాన్న 20వ తేదీ రైలుకు వస్తారు. క్రిస్మస్ చెట్టుకు సరుగుడు కొమ్మ ఒకటి గోనెలో చుట్టి తెస్తారు. ఒక బకెట్టు, దానికి సరిపడా ఇసుక నువ్వు చూసి ఉంచు. వెదురు బద్దలు, గవ్వల పీట, ఎండుగడ్డి రేపే పార్సిలులో వేస్తున్నాను, డిసెంబర్ మొదటికల్లా మీకు అందుతాయి. నక్షత్రాన్ని బాల్కనీలో ఎక్కడ వేలాడదీయాలో జోయెల్‌నే చూసి పెట్టమను. తాడు ఎంత పొడుగు తేవాలో వాడే చెప్పాలని నాన్న అడుగుతున్నారు.

ప్రేమతో,
అమ్మ