మొదటి ర్యాంకు గ్యారంటీ ఒప్పందాలను కట్టడి చేయండి: చిన్న వ్యాపారాల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లను బాగుచేయడం నా వృత్తి. "గూగుల్‌లో మా పేరు ఎక్కడా కనిపించడం లేదు" అంటూ వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లలో చాలామంది నా దాకా వచ్చేసరికే ఏదో ఒక ఏజెన్సీకి నెలనెలా డబ్బు కట్టి విసిగిపోయి ఉంటారు. మూడు నెలల్లో మొదటి పేజీ, మొదటి స్థానం, గ్యారంటీ అన్న మాట నమ్మి కట్టిన డబ్బు అది. ఇలాంటి ఒప్పందాలను కట్టడి చేసే నియమాలు మీ శాఖ తేవాలని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

అసలు ఆ గ్యారంటీ ఇవ్వడం ఏ ఏజెన్సీ చేతిలోనూ లేదు. మొదటి ర్యాంకుకు ఎవరూ హామీ ఇవ్వలేరని, ఇస్తామనేవాళ్లతో జాగ్రత్తగా ఉండాలని గూగుల్ తన సహాయ పేజీల్లో తానే రాసిపెట్టింది. ప్రకటనకు డబ్బు కడితే 'స్పాన్సర్డ్' అన్న గుర్తుతో పైన కనిపించవచ్చు. మామూలు ఫలితాల్లో మాత్రం చోటు అమ్మకానికి లేదు. పైగా వెతికే మనిషి ఎక్కడున్నాడు, ఏ భాషలో వెతికాడు అన్నదాన్ని బట్టి ఫలితాలే మారిపోతాయి. దగ్గర్లోని వ్యాపారాల కోసం వెతికినప్పుడు ముఖ్యంగా మూడు విషయాలు చూస్తామని గూగుల్ చెబుతుంది: అడిగినదానికి ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. ఇందులో దూరాన్ని ఏ ఏజెన్సీ తగ్గించగలదు?

అయినా గ్యారంటీ నెరవేరినట్టు చూపిస్తారు. అదెలాగో మీకు తెలియాలి. ఎవరూ వెతకని పొడవాటి మాటల వరుస ఒకటి ఎంచుకుంటారు. వ్యాపారం పూర్తి పేరు, పక్కన వీధి పేరు కలిపినా చాలు, పోటీ ఉండదు కాబట్టి మొదటి స్థానం దానంతటదే వస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి నివేదికలో అంటిస్తారు, బిల్లు పంపుతారు. కాగితం మీద హామీ నెరవేరింది, కొత్తగా ఒక్క ఫోన్ కాల్ రాలేదు. యజమాని నిలదీస్తే ఒప్పందం తెరిచి, ఆ మాటల కింద ఆయన పెట్టిన సంతకమే చూపిస్తారు. పేజీ కోడ్‌లో కీవర్డ్‌ల మెటా ట్యాగ్ (చదివేవాళ్లకు కనిపించని, వెతికే మాటల జాబితా) నింపినందుకు వేసిన బిల్లులు కూడా నేను చూశాను. ర్యాంకు విషయంలో ఆ ట్యాగ్‌ను అసలు లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

డబ్బు వృథా కావడం ఒక ఎత్తు. ఉన్న పేరు కూడా పోవడం ఇంకో ఎత్తు. 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌ను మొదలుపెట్టినప్పుడు వాళ్ల పేజ్‌ర్యాంక్ పద్ధతికి మూలం ఒకటే: ఒక పేజీకి ఇతర పేజీలు ఇచ్చే లింకులను దాని మీద నమ్మకానికి గుర్తుగా లెక్కించడం. లింకుకు విలువ వచ్చిన నాటి నుంచి లింకుల అమ్మకమూ మొదలైంది. దాన్ని అరికట్టడానికి గూగుల్ 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. కొన్న లింకులతో పైకొచ్చిన సైట్లు ఎన్నో రాత్రికి రాత్రే కిందికి జారాయి. ఇప్పటికీ ఇంత మొత్తానికి ఇన్ని వందల బ్యాక్‌లింకులంటూ (ఇతర సైట్ల నుంచి మన సైట్‌కు వచ్చే లింకులు) ప్యాకేజీలు అమ్ముతూనే ఉన్నారు. కొత్తగా, యంత్రంతో రాయించిన వ్యాసాలను గంపగుత్తగా సైట్‌లో నింపే ప్యాకేజీలు వచ్చాయి. ర్యాంకు కోసమే అలా పేజీలు గుట్టలుగా పోయడం స్పామ్ కిందికే వస్తుందని 2024 మార్చిలో గూగుల్ తన నియమాల్లో స్పష్టం చేసింది. డబ్బిచ్చి రాయించే దొంగ రివ్యూల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పెద్ద సంస్థలకు ఇలాంటి దెబ్బ తగిలితే తట్టుకుంటాయి. 2006లో జర్మనీ బీఎండబ్ల్యూ సైట్‌ను, సెర్చ్ ఇంజిన్‌కు ఒక పేజీ, మనుషులకు వేరే పేజీ చూపుతోందని గూగుల్ తన ఫలితాల్లోంచి తీసేసింది. సంస్థ ఆ పేజీలను తొలగించింది, కొద్ది రోజుల్లోనే తిరిగి వచ్చింది. చిన్న వ్యాపారికి శిక్ష పడిన సంగతే తెలియదు. గూగుల్ సిబ్బంది స్వయంగా చర్య తీసుకున్నప్పుడు నోటీసు సెర్చ్ కన్సోల్ ఖాతాలో, అంటే సెర్చ్‌లో తమ సైట్ పరిస్థితి చూసుకోవడానికి గూగుల్ యజమానులకు ఇచ్చే ఖాతాలో, కనబడుతుంది. ఆ ఖాతా ఎవరి చేతిలో ఉంటుంది? లింకులు కొన్న ఏజెన్సీ చేతిలోనే.

మంత్రి గారూ, నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. డొమైన్ పేరును, అంటే సైట్ చిరునామాను, ఏజెన్సీ తన పేరు మీద నమోదు చేయించుకుంటుంది. గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో వ్యాపారం వివరాలు చూపే బిజినెస్ ప్రొఫైల్‌కు యజమానిగా తన ఈమెయిల్ పెట్టుకుంటుంది. సైట్‌ను ఇంటర్నెట్‌లో ఉంచే హోస్టింగ్, సెర్చ్ కన్సోల్, సందర్శకుల లెక్కలు చూపే ఖాతా, అన్నీ దాని గుప్పిట్లోనే. వ్యాపారి ఒప్పందం మానుకుంటానన్న రోజున తాళాలు ఇవ్వరు, లేదా వాటికి వేరే ధర చెబుతారు. కొత్త డొమైన్ కొనుక్కోండి, పోయేదేముంది అని బయటివాళ్లు అనుకుంటారు. పోయేది చాలా ఉంది. ఏళ్ల తరబడి ఇతరులు ఇచ్చిన లింకులు, కస్టమర్లు దాచుకున్న చిరునామా, సెర్చ్‌లో సంపాదించుకున్న పేరు, అన్నీ పాత డొమైన్‌కే అంటుకుని ఉంటాయి. వాటిని కొత్తదానికి మళ్లించాలంటే పాత చిరునామా నుంచి శాశ్వత రీడైరెక్ట్ పెట్టాలి. అది పెట్టాలంటే పాత డొమైన్ చేతిలో ఉండాలి. లేకపోతే ఆ వ్యాపారం మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. అద్దెకున్నవాడు ఇంటి దస్తావేజులు తన పేరు మీద రాయించుకుంటే ఏ ప్రభుత్వమూ ఊరుకోదు. ఇక్కడ ఎందుకు ఊరుకుంటున్నాం?

నిజానికి చేయవలసిన పనిలో రహస్యమేమీ లేదు. నా దగ్గరికి వచ్చే సైట్లు కొన్ని గూగుల్ సూచీలోనే, అంటే ఫలితాల కోసం అది దాచుకునే పేజీల జాబితాలోనే, ఉండవు. సైట్ తయారవుతున్నప్పుడు, సూచీలో చేర్చవద్దని చెబుతూ పెట్టిన 'నోఇండెక్స్' ఆదేశాన్ని తీయడం మరిచిపోయి ఉంటారు. ఆ ఒక్క వరుస తీసేస్తే తలుపు తెరుచుకుంటుంది. మరికొన్నింటిలో ప్రతి పేజీకీ 'హోమ్' అన్నదే శీర్షిక, వ్యాపారం ఏం చేస్తుందో చెప్పే వాక్యాలు ఒక బొమ్మలో ఇరుక్కుని ఉంటాయి. ఫోన్‌లో పేజీ తెరుచుకునేందుకు పట్టే సమయమూ ముఖ్యమే: ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలమానం. బిజినెస్ ప్రొఫైల్ ఉచితం, సెర్చ్ కన్సోల్ ఉచితం. పని వేళలు, ఫోన్ నంబరు సరిగ్గా ఉంచుకోవడానికి ఏ నిపుణుడూ అక్కర్లేదు. ఆపైన కస్టమర్లు రోజూ అడిగే ప్రశ్నలకు సొంత అనుభవంతో రాసిన జవాబులు సైట్‌లో ఉంటే, వాటి ఫలితం నెమ్మదిగా వస్తుంది. మార్పులు చేసి, ఫలితం చూడటానికి సాధారణంగా 4 నెలల నుంచి ఏడాది పడుతుందని గూగులే 2017లో ఒక వీడియోలో చెప్పింది. ఈ నిజం ముందే చెప్పే ఏజెన్సీలు ఉన్నాయి. గ్యారంటీ అమ్మేవాళ్ల గొంతు ముందు వాళ్ల మాట ఆనడం లేదు.

అందుకే మీ శాఖను ఒక నమూనా ఒప్పందం తయారుచేయమని కోరుతున్నాను. అందులో ర్యాంకు హామీకి చోటు ఉండకూడదు. డొమైన్, ఖాతాలన్నీ మొదటి రోజు నుంచే వ్యాపారి పేరు మీద ఉండాలి. ఏజెన్సీ పని చేసుకోవడానికి అనుమతి మాత్రమే ఇవ్వాలి, ఆ ఏర్పాటు సెర్చ్ కన్సోల్‌లోనూ బిజినెస్ ప్రొఫైల్‌లోనూ ఇప్పటికే ఉంది. ఏ పేజీలో ఏం మార్చారో, ఏ లింకు ఎక్కడి నుంచి తెచ్చారో, దానికి డబ్బు ఇచ్చారో లేదో నెలనెలా రాతపూర్వకంగా చెప్పాలి. నివేదికలో స్క్రీన్‌షాట్‌ల బదులు, ఏ మాటలు వెతికినవాళ్లకు సైట్ ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది లోపలికి వచ్చారు అన్న సెర్చ్ కన్సోల్ లెక్కలు ఉండాలి. ఒప్పందం ముగిస్తే ఇన్ని రోజుల్లోగా అన్నీ అప్పగించాలన్న గడువు ఉండాలి. వెబ్‌సైట్ల కోసం ప్రభుత్వ సహాయం ఎప్పుడు ఇచ్చినా ఈ ఒప్పందం మీద పనిచేసేవాళ్లకే ఇవ్వండి.

ఇద్దరి మధ్య ఒప్పందంలో ప్రభుత్వం తలదూర్చడమేమిటని అంటారు. ఒకవైపు ఆ పని తెలిసినవాడు, ఇంకోవైపు ఏం కొంటున్నాడో చూడలేనివాడు ఉన్నప్పుడు అది సమానుల మధ్య ఒప్పందం కాదు. నిజాయతీగా పనిచేసే ఏజెన్సీకి పైన చెప్పిన షరతుల్లో ఒక్కటీ బరువు కాదు. నా ఖాతాదారులతో నేను ఈ షరతుల మీదే పనిచేస్తున్నాను.

ముసాయిదా రాయడానికి కమిటీ వేస్తే, ఏజెన్సీల ప్రతినిధులతో పాటు డొమైన్ పోగొట్టుకున్న వ్యాపారులను కూడా పిలవండి. వాళ్ల దగ్గర ఒప్పందాలున్నాయి, బిల్లులున్నాయి, తాళాలు ఇవ్వమని రాసిన ఈమెయిళ్లున్నాయి. ఏ షరతు ఎక్కడ ఉండి ఉంటే తాము బయటపడేవాళ్లమో వాళ్లు వేలు పెట్టి చూపిస్తారు.

ఇట్లు,
చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు బాగుచేసే ఒక వృత్తి పనివాడు