కాలనీ సంక్షేమ సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

జమాఖర్చుల పత్రం విడిగా పంచాం కాబట్టి వాటి జోలికి వెళ్లను. బోరు మోటారు ఏడాదిలో రెండుసార్లు కాలిపోయింది, రెండోసారి కొత్తది కొన్నాం. వెనుక గేటు దగ్గర దీపాలు వెలిగాయి. కుక్కల గొడవ నిరుడు ఎక్కడుందో అక్కడే ఉంది. ఈసారి కార్యవర్గం ఎక్కువ సమయం వెచ్చించింది మూడో వీధిలోని ఒక అద్దె వాటా గురించి. ఆ సంగతి మీలో చాలామందికి సగమే తెలుసు కనుక వివరంగా రాస్తున్నాను.

జూన్‌లో ఆ పై వాటాలో ఒక ట్రాన్స్ మహిళ, అంటే మగపిల్లాడిగా నమోదై ఆడమనిషిగా బతికేవారు, అద్దెకు దిగారు. ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తారు. పొద్దున వెళ్లి రాత్రికి వస్తారు. పది రోజులు తిరక్కుండానే ఆమెను ఖాళీ చేయించాలని పదకొండు సంతకాలతో అర్జీ వచ్చింది. అందులో ఆమె చేసిన తప్పేమీ రాయలేదు. ‘కుటుంబాలు ఉండే చోటు’ అన్న ఒక్క మాటే ఉంది. ఇంటి యజమానికి ఫోను చేసి, ‘కాస్త ఆలోచించండి’ అని చెప్పింది నేనే. అది దాచిపెట్టి ఈ నివేదిక రాయలేను.

మమ్మల్ని ఆపింది న్యాయవాదిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మన సభ్యురాలు ఒకరు. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం ప్రతి పట్టుకుని సమావేశానికి వచ్చారు. ఇల్లు అద్దెకిచ్చే విషయంలో వివక్ష కూడదని మూడో సెక్షన్ చెబుతుంది. ఉంటున్న చోటు నుంచి వెళ్లగొడితే పద్దెనిమిదో సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, జరిమానా కూడా. అర్జీ అక్కడ ఆగింది. మనసులు మారి ఆగిందని మాత్రం అనను.

జూలైలో బోనాలు వచ్చాయి. ఊరేగింపులో అమ్మవారి పూనకంతో వచ్చిన శివసత్తుల్లో ఇద్దరు ట్రాన్స్ మహిళలు. అర్జీ మీద సంతకం పెట్టినవారిలో కొందరు గేటు దగ్గర బిందెలతో నిలబడి వారి పాదాలకు నీళ్లు పోశారు, పిల్లలను ముందుకు నెట్టి దీవెన ఇప్పించారు. నేనూ తల వంచాను. ఆ రోజు మూడో వీధి పై వాటా తలుపు మూసే ఉంది.

ఆగస్టులో కమ్యూనిటీ హాలులో అవగాహన సభ పెట్టాం. మానసిక వైద్యులొకరు, ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసే ట్రాన్స్ మహిళ ఒకరు వచ్చారు. పుట్టగానే ఒంటిని చూసి ఆడ, మగ అని రాస్తారు. ఊహ తెలిశాక మనిషి తనను తాను ఏమని ఎరుగుతాడో అది లింగ గుర్తింపు అని డాక్టరుగారు చెప్పారు. ఎవరి మీద మనసు పడతారన్నది వేరే సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల జాబితాలో ట్రాన్స్‌గా ఉండటం మానసిక రుగ్మతల కింద లేదు. హిజ్రా అన్నది గురువు, చేలా (శిష్యురాలు) వరసలతో నడిచే ఒక సంప్రదాయం. ట్రాన్స్ వ్యక్తులందరూ అందులో ఉండరు. ఆడపిల్లగా నమోదై మగవాడిగా బతికే ట్రాన్స్ పురుషులు ఉంటారన్న సంగతి హాలులో చాలామందికి కొత్త, నాతో సహా.

చట్టం సంగతీ వచ్చింది. ఎవరి లింగ గుర్తింపును వారే చెప్పుకోవచ్చని, అందుకు శస్త్రచికిత్స షరతు కాదని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో తేల్చింది. అయినా ఆడవేషంతో వీధిలో కనబడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చన్న 1919 నాటి నిజాం కాలపు చట్టం మన దగ్గర పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జూలైలో.

గృహప్రవేశం నాడు హిజ్రాలు వచ్చి గుమ్మంలో కూర్చుని వేలకు వేలు అడిగితే ఏం చేయాలని ఒక సభ్యుడు గట్టిగానే అడిగారు. బెదిరించి వసూలు చేయడాన్ని తాను సమర్థించనని, ఇల్లూ బడీ కొలువూ మూడూ మూసుకుపోయినవాళ్లకు ఏం మిగిలిందో కూడా చూడమని స్వచ్ఛంద సంస్థ నుంచి వచ్చినామె అన్నారు. ఆయనకు ఆ జవాబు చాలలేదు. డిసెంబరులో మన హైదరాబాదులో 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ సహాయకులుగా తీసుకున్నప్పుడు ఆ వార్తను మన వాట్సాప్ బృందంలో పెట్టింది ఆయనే. ఎందుకు పెట్టారో నేను అడగలేదు.

ఇక గేటు రిజిస్టరు. ఆమె దిగిన రోజున వాచ్‌మన్ ‘స్త్రీ / పురుషుడు’ గడిలో ప్రశ్నార్థకం పెట్టాడు. అతణ్ని తప్పు పట్టలేను. మనమంతా నెల రోజులు ఆమెను ‘అది’ అన్నాం, ‘వాడు’ అన్నాం. ‘వచ్చాడు’ అనాలో ‘వచ్చింది’ అనాలో తేలక నేను ఆమె ఎదుట వాక్యాలను సగంలో మింగేసేవాణ్ని. ‘గారు’ అన్న మాట ఉందని, దానికి ఆడా మగా లేదని వాచ్‌మనే ముందు కనిపెట్టాడు. పేరుకు గారు తగిలించి, ‘వచ్చారు’ అంటాడు.

కొత్త రిజిస్టరులో ఆ గడి అవసరం లేదని, పేరు, ఫోను నంబరు, వాహనం నంబరు చాలునని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి తేల్చాలి. అర్జీ ఫైలులోనే ఉంది. ఇద్దరు తమ సంతకాలు వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరాలు ఇచ్చారు. తొమ్మిది అలాగే ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి