కనకాయి వాగు దగ్గర మమ్మల్ని కాచుకున్నవాళ్లకు

ఇది మా ఇచ్చోడ తమ్ముడికి, వాళ్ల మేనమామకి, మా వెంట నడిచిన ఇద్దరు కుర్రాళ్లకి, ఆ రాత్రి గూడెంలో మాకు తిండి పెట్టిన అక్కకి. పేర్లు రాయొద్దని తమ్ముడు ముందే అన్నాడు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరి గురించో వాళ్లకే తెలుస్తుంది. మామ గోండి, తెలుగు, మరాఠీ మూడూ మాట్లాడతాడు గానీ చదవడం రాదు. తమ్ముడూ, ఇది ఆయనకు చదివి వినిపించు. నిదానంగా చదువు, మధ్యలో ఆపి ప్రశ్నలేస్తాడు.

మాదాపూర్‌లో మాతో పనిచేసే తమ్ముడిది ఆదిలాబాద్ జిల్లా. నగరంలో ముసురు పట్టిన ప్రతిసారీ కిటికీలోంచి చూసి "ఇప్పుడు మా దిక్కు వాగులు ఎట్లుంటయో తెలుసా అన్నా" అని మొదలుపెడతాడు. కుంటాల మాలో చాలామంది చూసిందే. 147 అడుగుల మీద నుంచి కడెం వాగు దూకే చోటు, దిగడానికి మెట్లు, సెలవొస్తే జనం. అక్కడ నీళ్లలోకి దిగనివ్వరు. దిగనివ్వకపోవడమే న్యాయం, ఎంతమంది పిల్లలు పోయారో ఆ జిల్లా పేపరు చదివేవాళ్లకు తెలుసు. ఈత కొట్టాలంటే అదే కడెం మీద గిర్నూర్ దగ్గరున్న కనకాయి జలపాతానికి పోదాం, కానీ మామ వెంట ఉంటేనే, ఆ రోజు మామ సరే అంటేనే అన్నాడు తమ్ముడు. పెద్దవాళ్ల మాట కాదనలేక చెబుతున్నాడనుకున్నాం.

వినాయక నిమజ్జనం హడావుడి ముగిశాక వచ్చిన శనివారం తెల్లారకముందే బయల్దేరాం. 44వ నంబరు రహదారి గురించి కొత్తగా చెప్పేదేముంది, కామారెడ్డి దగ్గర ఇడ్లీ, నిర్మల్ దాటి ఘాట్ ఎక్కుతుంటే చల్లగాలి. ఇచ్చోడలో మామ మా బండెక్కాడు. మా బూట్ల వంక ఓసారి చూసి గోండిలో ఏదో అన్నాడు, కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. ఆయన ఏమన్నాడో తమ్ముడు ఇప్పటికీ చెప్పడం లేదు.

గిర్నూర్ దగ్గర బండి ఆపి పత్తి చేల గట్ల మీద నడిచాం. వానకు నానిన నల్లరేగడి అడుగు తీసి అడుగు వేయనివ్వదు. మామ చెప్పులు చేత పట్టుకుని, వట్టికాళ్లతో అందరికన్నా ముందున్నాడు. బూట్ల మీద జోకు ఏమై ఉంటుందో అప్పుడు కాస్త అర్థమైంది. చేలు దాటి, మోకాళ్ల లోతు ఒర్రె ఒకటి దాటితే అడవి. టేకు చెట్లు పూసి ఉన్నాయి, కొసలన్నీ తెల్లటి గుత్తులే. టేకు లేతాకును అరచేతిలో నలిపితే ఎర్రగా పండుతుందని మామ మా అమ్మాయికి చూపించాడు. ఇంక అది దారి పొడుగునా గోరింటాకు పెట్టుకున్నట్టు రెండు చేతులూ ఎర్రగా చేసుకుంటూనే ఉంది. తునికి, మద్ది, ఇప్ప, ఒక్కో చెట్టు దగ్గర మామ ఆగాడు. ఏ చెట్టు ఏ నెలలో తమకు కూలి ఇస్తుందో, ఏది తిండి ఇస్తుందో చెప్పాడు. ముందు నడిచే కుర్రాడు పొడవాటి వెదురు కర్రతో గడ్డిని తడుతూ పోయాడు. నేల అదిరితే చాలా పాములు తప్పుకుంటాయట. "రక్తపింజర జరగది అన్నా, దానికోసం కండ్లు గూడ పెట్టాలె" అన్నాడు.

మడుగు దగ్గరికి చేరాక మామ మమ్మల్ని వెంటనే దిగనివ్వలేదు. మాలో అందరికీ ఈత వచ్చు, కానీ అది అడుగున నీలం పెంకులు కనబడే అపార్ట్‌మెంట్ ఈత. ఆయన కర్ర తీసుకుని తానొక్కడే ముందు దిగాడు. ఒడ్డు పొడుగునా పొడిచి చూస్తూ బండల కింద తొర్ర ఎక్కడుంది, అడుగు ఎక్కడ ఒక్కసారిగా జారిపోతోంది, సుడి ఎక్కడుంది అని చాలాసేపు తిరిగాడు. పైకొచ్చి హద్దులు పెట్టాడు. ఆ తెల్లరాయికి ఇవతలే పిల్లలు. వంగిన మద్దికి ఇవతలే పెద్దలు. నీళ్లు దూకేచోట నురగలోకి మాత్రం ఎవ్వరూ పోవద్దు. ఎందుకని అడిగితే ఒక ఎండుకొమ్మ విరిచి అందులోకి విసిరాడు. అది మునిగింది, లేచింది, మళ్లీ మునిగింది, బయటికి మాత్రం రాలేదు. నురగ నీళ్లలో గాలి కలిసి ఉంటుందని, ఆ నీటికి మనిషిని తేల్చే బలం తక్కువని, పై నుంచి పడే నీరు అడుక్కి తొక్కి మళ్లీ జలపాతం వైపే లాక్కుంటుందని తమ్ముడు తర్వాత విడమరిచి చెప్పాడు. పిల్లలకు ఆ కొమ్మ చాలింది, మళ్లీ అటు వెళ్లే మాటెత్తలేదు.

కుర్రాళ్లు ట్రాక్టరు ట్యూబు ఒకటి, లావుపాటి తాడు ఒకటి అంత దూరం భుజాన మోసుకొచ్చారు. తాడు ఒక కొస మద్దికి, ఇంకో కొస ట్యూబుకి కట్టారు. మామ నీటి అంచున ఒక పుల్ల పాతి, దాని పక్కనే కూర్చుని బీడీ ముట్టించాడు. అదేదో మొక్కుబడి అనుకున్నాం.

ఆ ఈత సుఖం గురించి రాయమంటే ఎంతైనా రాయొచ్చు. రాయను, ఈ పోస్టు దాని గురించి కాదు.

ఎండ కాస్తూనే ఉంది. మామ బీడీ పారేసి లేచాడు, పుల్ల చూశాడు, దోసెడు నీళ్లు తీసుకుని రంగు చూశాడు. "ఎక్కుండ్రి" అన్నాడు. అరవలేదు కూడా. మాలో ఒకాయన "ఇంకో అయిదు నిమిషాలు పెద్దాయనా" అంటుండగానే తమ్ముడు పిల్లల్ని ట్యూబుతో సహా ఒడ్డుకు లాగేస్తున్నాడు. మీటింగుల్లో నోరు విప్పని తమ్ముడు, "సార్, బయటికి రాండ్రి, ఇప్పుడే" అని గద్దించాడు. ఆ సార్ మా మేనేజరు. మారు మాట్లాడకుండా వచ్చేశాడు.

మేం బండలెక్కుతుండగానే పుల్ల మునిగింది. తేట నీళ్లు టీ రంగుకి తిరిగాయి, తర్వాత చిక్కటి మట్టి రంగుకి. ఆకులు, చెత్త, ఎవరిదో ఒంటి చెప్పు కొట్టుకొచ్చాయి. గట్టు మీది నుంచి వెనక్కి చూస్తే పిల్లలు ఆడుకున్న తెల్లరాయి కనబడలేదు. మా నెత్తిన ఒక్క చినుకు పడలేదు మరి. పైన కొండల్లో ఎక్కడో కురిసింది. నేల అప్పటికే నానిపోయి ఉంటే ఇంకడానికి చోటుండదు, ఒర్రెలన్నీ ఒకేసారి వాగులో కలుస్తాయి. 2022 జూలైలో ఇదే వాగు మీద దిగువనున్న కడెం ప్రాజెక్టు దగ్గర గేట్లు వదలగలిగిన దానికన్నా ఎక్కువ వరద వచ్చి పైనుంచి పొర్లితే హైదరాబాద్‌లో టీవీ ముందు కూర్చుని చూశాం. అప్పుడు అది మాకు ఒక వార్త.

పొద్దున దాటిన ఒర్రె ఇప్పుడు ఛాతీ లోతుంది. చీకటి పడేలోపు తగ్గదని, గుట్ట చుట్టి పోదామని మామ తేల్చేశాడు. అది ఎంత దూరమో అడిగితే "దగ్గరనే" అన్నాడు. ఆదిలాబాద్‌లో దగ్గరనే అంటే ఏమిటో ఇప్పుడు మాకు తెలుసు. మా అమ్మాయిని కుర్రాళ్లు వంతులవారీగా వీపున వేసుకున్నారు. మోకాళ్ల నొప్పులున్న మా మిత్రుడికి ఒకడు ముందు, ఒకడు వెనక. ఫోను లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతుంటే మామ అసలు లైటే లేకుండా నడిచాడు.

గుట్ట అవతల గూడెం మామ కూతుర్ని ఇచ్చిన ఊరు. రామ్ రామ్ అంటూ జనం లేచొచ్చారు. అక్కా, మేం ఎంతమందిమి అని కూడా మీరు అడగలేదు. పొయ్యి రాజేశారు, పొడి చీరలు, పంచెలు ఇచ్చారు. జొన్నరొట్టె, పెసరపప్పు, పచ్చిమిరపకాయల తొక్కు. రొట్టెను రెండు చేతులతో తుంచుతున్న మా మేనేజరును చూసి మీరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది నేను చూశాను. ఆయనా చూశాడు.

గూడెంలో సిగ్నల్ లేదు. ఆ చీకట్లో, అప్పుడే మొదలైన జల్లులో, చిన్న కుర్రాడు నా ఫోను పట్టుకుని మళ్లీ గుట్టెక్కి మా ఇంటికి మాట్లాడాడు. "వదినా, అందరు మంచిగున్నరు, అన్న రొట్టె తింటున్నడు" అన్నాడట. అంతా క్షేమం అనేమాట ఎవరైనా అంటారు, రొట్టె తింటున్నాడంటేనే నమ్మకం కలిగిందని మా ఆవిడ ఇప్పటికీ చెబుతోంది. నీకు ఆమె ప్రత్యేకంగా థాంక్స్ చెప్పమంది తమ్మీ.

డబ్బులు ఎవరూ ముట్టుకోలేదు. బలవంతం చేస్తే మామకు కోపమొచ్చింది, ఊరుకున్నాం. ఆ ట్యూబుకి ఇప్పటికే చాలా అతుకులున్నాయి కాబట్టి పిల్లల సైజువి, పెద్దల సైజువి లైఫ్ జాకెట్లు, ఒక కొత్త తాడు కొని దసరాకి తమ్ముడితో పంపిస్తున్నాం. ఇది బహుమతి కాదు, ఆ మడుగులో మీ పిల్లలూ ఈదుతారు కదా.

ఇది చదివి కనకాయికి పోదామనుకునే హైదరాబాద్ మిత్రులకు ఒక్క మాట. ఊళ్లో ఒకరిని అడిగి వెంట తీసుకెళ్లండి, వాళ్లకు రోజు కూలి లెక్కగట్టి ఇవ్వండి. మాకు పెట్టినట్టు ఊరికే పెడతారని ఆశపడకండి, మేం చుట్టాలుగా పోయాం. మందు సీసాలతో వచ్చేవాళ్లకు మాత్రం మామ దారి చూపించడు, అది ఆయన ముందే చెప్పాడు.

మామా, పుల్ల పక్కనే ఎందుకు కూర్చున్నారని పొయ్యి దగ్గర అడిగితే, కుడికంటికి మసకలొచ్చాయి, దూరం నుంచి కనబడదు అన్నారు. పత్తి ఏరడం అయిపోయాక చూపించుకోవడానికి హైదరాబాద్ వస్తానన్నారు. సరోజినీ దేవి కంటాసుపత్రి మా మెహదీపట్నంలోనే ఉంది, ఇంట్లోంచి నడిచి పోవచ్చు. జేబీఎస్ బస్టాండులో దిగగానే తమ్ముడితో ఫోన్ చేయించండి, నేనే వస్తాను. ఆపరేషన్ అవసరమైతే తగ్గేదాకా మా దగ్గరే ఉండాలి. జొన్నపిండి తెప్పించి పెట్టాం. రొట్టె కొట్టడం మాత్రం మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా రాదు, అక్కను కూడా వెంటబెట్టుకు రండి.