నీడ చూసి దూకాలిట!

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావు? ముందు నా పరువు ఎలా పోయిందో చెప్తాను విను. సెలవులకి మా అక్క కొడుకు వస్తూ వస్తూ నింటెండో స్విచ్ అనే వీడియో గేమ్ యంత్రం పట్టుకొచ్చాడు. అందులో 'సూపర్ మారియో 64' పెట్టి, "మామయ్యా, నువ్వు మారియో మొత్తం ఆడేశానన్నావుగా!" అని రిమోట్ నా చేతిలో పెట్టాడు. వేసవంతా మీ ఇంట్లో క్యాసెట్ ఊది ఊది ఆడినవాణ్ణి కదా, ధీమాగా కూర్చున్నాను. రెండో కోర్సులో, అంటే రెండో లెవెల్‌లో, గాల్లో తేలే కోట ఉంటుంది. ఉన్న లైఫులన్నీ అక్కడే పోయాయి. లెవెల్‌లోకి వెళ్లేది గోడ మీది పెయింటింగ్‌లోంచే, పడ్డ ప్రతిసారీ మారియోని అందులోంచే బయటికి విసిరేస్తుంది, పక్కన వీడి ఇకఇకలు!

రాత్రి పడుకున్నా అదే ఆలోచన. 1985 నాటి మన మారియోలో గొయ్యి వస్తే ఈ అంచూ ఆ అంచూ రెండూ కనిపిస్తాయి. కన్ను కొలిచేస్తుంది, వేలు నొక్కేస్తుంది. పైగా తెర ఎడమకి వెనక్కి జరగదు కాబట్టి మనం ఎటు నుంచి వస్తామో చేసినవాళ్లకి ముందే తెలుసు. మొదటి లెవెల్‌లో ఆ పుట్టగొడుగు గుర్తుందా? పెట్టెలోంచి వచ్చి, కుడికి జారి, గొట్టానికి గుద్దుకుని తిరిగి మన మీదికే వస్తుంది. తప్పించుకుందామన్నా తగిలేది, మారియో పెద్దవాడయ్యేవాడు. ఆ ఆట తయారుచేసిన మియమొటో, తెజుకా ఒక్క ముక్క రాయకుండా పాఠం చెప్పేశారు.

1996లో వచ్చిన ఈ 64 అంతా 3డీ కాబట్టి ఆ వీలు లేదు. దూకి దిగాల్సిన పలక నా ముందుందా, కాస్త అవతలుందా అన్నది తెర మీద తేలదు. వీడే చెప్పాడు: "మామయ్యా, నీడ చూడు." నిజమేరా! వెలుతురు ఎటున్నా మారియో నీడ సరిగ్గా కాళ్ల కిందే పడుతుంది. ఆ నల్లటి చుక్క పలక మీదుంటే దిగొచ్చు. అది తెలిశాక పడడం సగానికి తగ్గింది.

ఇంక కెమెరా గోల. పాత మారియోలో మబ్బెక్కి మన మీద ముళ్ల పురుగులు విసిరేవాడు లకిటు, వాడే ఇప్పుడు గాలపు కర్రకి కెమెరా కట్టుకుని మన వెనకాల తిరుగుతాడు. కోటలో అద్దాల గది ఉంది, అందులో వాడూ కనిపిస్తాడు! చూసి పడీ పడీ నవ్వాను. అదే ఏడాది వచ్చిన 'క్రాష్ బ్యాండికూట్' అనే ఇంకో ఆట వాళ్లు మాత్రం సందు లాంటి దారి వేసి, కెమెరా బాధ చాలావరకు తప్పించుకున్నారు. అందులోనూ బండరాయి తరిమే చోట తెరలోంచి మనవైపే పరిగెత్తాలి, ముందున్న గొయ్యి కనపడి చావదు.

దూకడంలో మజా మాత్రం పాతదాంట్లోనే ఉందిరా, నువ్వెంత వాదించినా సరే. కొత్తదాంట్లో అంచు పట్టుకుని వేలాడొచ్చు, దెబ్బ తగిలితే నాణేలు ఏరుకుని కోలుకోవచ్చు. అంత దయ చూపించకపోతే నాలాంటి వాడు ఆడలేడు, అది వేరే సంగతి. కానీ కోట బయట తోటలో పనీపాటా లేకుండా గెంతుతూ, చెట్లెక్కుతూ అరగంట గడిపానంటే నమ్ముతావా? లెవెల్స్ సంగతి తర్వాత చూద్దామని, ముందు మారియో కదలిక మీదే కూర్చున్నారట 64 చేసినవాళ్లు. అది ఆ తోటలో తెలుస్తుంది.

2011లో వచ్చిన 'సూపర్ మారియో 3డీ ల్యాండ్'కొచ్చేసరికి, పాతదాంట్లోలాగే మళ్లీ టైమరూ, చివర్లో జెండా కర్రా తెచ్చిపెట్టారు. వీడి దగ్గర అది లేదు, ఎక్కడైనా దొరికితే చెప్పు.

అన్నట్టు, మీ అటక మీద ఆ పసుపు క్యాసెట్ ఉందేమో ఒకసారి వెతకరా. ఊదితే ఆడుతుందేమో. వీడి సెలవులు అయిపోయేలోపు వీణ్ణి ఒక్కసారి ఓడించాలి.

నీ
బావ