నలభై చేపలు, రెండే తొట్లు

సంపాదకులకు నమస్కారం.

భీమవరం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో 26 ఏళ్ళు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర చదివిన పిల్లల్లో సగం మంది చెరువుల మీద బతికే ఇళ్ళవాళ్ళే. వాళ్ళకు మనం స్టాటిస్టిక్స్ చెప్పే తీరు మారాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఫైనలియర్ అమ్మాయి ఒకరు నా దగ్గర ప్రాజెక్టు చేసింది. మేతలో స్పైరులినా (నీళ్ళలో పెరిగే ఒక రకం నాచు పొడి) కలిపితే శీలావతి చేపపిల్లలు బాగా పెరుగుతాయా అన్నది ప్రశ్న. రెండు గాజు తొట్లు, ఒక్కోదాంట్లో 20 చేపపిల్లలు. ఒకదానికి మామూలు మేత, రెండోదానికి స్పైరులినా మేత. ఆరు వారాలయ్యాక తూకం వేస్తే స్పైరులినా చేపలే ఎక్కువ తూగాయి. రెండు గుంపుల సగటుల తేడాను పరీక్షించే టి-టెస్ట్ చేస్తే పి విలువ 0.05 కంటే బాగా తక్కువొచ్చింది. అంటే మేత వల్ల తేడా ఏమీ లేకపోయినా ఊరికే ఇంత తేడా కనిపించే అవకాశం చాలా తక్కువని. అమ్మాయి సంతోషానికి అంతులేదు.

వైవాకు (నోటి పరీక్షకు) బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక్కటే అడిగారు. "ఆ తొట్టి కిటికీ పక్కన ఉందామ్మా?"

ఉంది. పొద్దుటి ఎండ దానికే తగిలేది. నీళ్ళు వెచ్చబడితే చేప ఎక్కువ తింటుంది, తొందరగా పెరుగుతుంది. మరి ఈ పెరుగుదల మేత వల్లా, ఎండ వల్లా? తేల్చే దారి లేదు. మేత మార్చింది తొట్టికి, చేపకు కాదు. కాబట్టి లెక్కకు వచ్చేవి 40 చేపలు కావు, రెండు తొట్లు. ఒక్కో మేతకు ఒక్కో తొట్టి ఉంటే టి-టెస్ట్ ఎలా చేస్తాం? ఆ అమ్మాయి ఏడ్చేసింది. తప్పు ఆమెది కాదు, గైడుని నేను. బయోస్టాటిస్టిక్స్‌లో ఆమెకు మంచి మార్కులే వచ్చాయి, సూత్రాలన్నీ నోటికొచ్చు. ఎన్ని తొట్లు కావాలి, ఏది ఎక్కడ పెట్టాలి అన్నది మాత్రం మేమెవరం చెప్పలేదు.

మరుసటేడు ఎనిమిది ప్లాస్టిక్ టబ్బులు పెట్టాం. ఏ టబ్బుకు ఏ మేతో చీటీలు తీసి నిర్ణయించాం. తూకం వేసే పిల్లకు ఆ సంగతి చెప్పలేదు. ఈసారి తేడా చాలా తగ్గిపోయింది.

చెరువు గట్టు మీదా ఇదే తప్పు జరుగుతోంది. "ఈ మందు వేసిన చెరువులో రొయ్య 40 కౌంట్‌కి (కిలోకు 40 తూగే సైజుకు) వచ్చింది, పక్కదాంట్లో రాలేదు" అంటే రైతు వేలు పోసి కొంటున్నాడు. రెంటికీ సీడ్ (రొయ్యపిల్లలు) ఒకటేనా, ఒకే రోజు వదిలారా, నీళ్ళు ఒకే కాలవవా అని ఆ ఇంట్లో చదువుకున్న పిల్ల అడగగలగాలి.

పి విలువ చెప్పడానికి బోర్డు కంటే టీ గ్లాసులు మేలు. స్టాటిస్టిక్స్‌కు పునాది వేసినవాళ్ళలో ఒకరైన ఫిషర్ తన 1935 నాటి పుస్తకంలో, కప్పులో ముందు పాలు పోశారా టీ పోశారా అన్నది రుచి చూసి చెప్పగలరా అని పరీక్షించే ప్రయోగం చెప్పారు. దాన్నే మా క్లాసులో గేదె పాల టీ, ప్యాకెట్ పాల టీతో చేశాను. ఎనిమిది గ్లాసులు, ఒక్కో రకం నాలుగు. ఏ నాలుగు గేదె పాలవో రుచి చూసి చెప్పాలి. ఒకబ్బాయి ఆరు గ్లాసులు సరిగ్గా చెప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత లెక్కేయించాను. ఎనిమిదింట్లో నాలుగు ఎంచుకోడానికి 70 మార్గాలు. ఆరు గానీ ఎనిమిది గానీ సరిపోయేవి వాటిలో 17. అంటే ఊరికే ఊహించి చెప్పినా దాదాపు నాలుగుసార్లలో ఒకసారి అంత బాగా చెప్పొచ్చు. క్లాసంతా నిశ్శబ్దం.

స్టాటిస్టిక్స్, జీవశాస్త్రం కలిసి నడవాల్సినవే. ఆంధ్ర యూనివర్సిటీలో లెక్కలు చదివిన ప్రసిద్ధ స్టాటిస్టీషియన్ సి.ఆర్. రావు గారు 1946లో కేంబ్రిడ్జి వెళ్ళింది సూడాన్‌లో తవ్వితీసిన ఎముకల కొలతల్ని విశ్లేషించడానికే. అక్కడ ఫిషర్ దగ్గరే పిహెచ్‌డి చేశారు. మా కాలేజీలో మాత్రం స్టాటిస్టిక్స్ వాళ్ళది పై అంతస్తు, మాది కింద. ఏళ్ళ తరబడి ఒకరి క్లాసుకు ఒకరం వెళ్ళలేదు.

యూనివర్సిటీ బోర్డుల్లో ఉన్నవాళ్ళను నేను కోరేది ఒకటే. ప్రాజెక్టుకు ముందు ప్రతి విద్యార్థి చేత ఒక పేజీ రాయించండి. ప్రశ్న ఏమిటి, ఎన్ని తొట్లు, చీటీలు ఎలా తీస్తారు, ఏ పరీక్ష చేస్తారు అన్నవి అందులో ఉండాలి. దాని మీద స్టాటిస్టిక్స్ లెక్చరర్ సంతకం పెట్టాకే చేపపిల్లల్ని తెమ్మనండి.

ఒక విశ్రాంత జువాలజీ అధ్యాపకురాలు,
భీమవరం