పిచ్చితీగలట!

సంపాదకుల వారికి,

కొండవాలు పార్కు సుందరీకరణ గురించి పోయిన వారం మీ పత్రికలో వచ్చిన వార్త, దాని పక్కన నవ్వులు చిందిస్తున్న పెద్దల ఫొటో చూశాను. కంచె పొడవునా అల్లుకున్న ‘పిచ్చితీగలు’ పీకించి, ఆ జాగాలో సీతాకోకచిలుకల వనం పెడతారట. భేష్!

ఆ పీకించిన వాటిలో మేకమేయని ఆకు ఉందని ఎవరూ చూడలేదా? జిల్లేడు కుటుంబపు తీగ అది. శాస్త్రజ్ఞులు చాలాకాలం టైలోఫోరా అనే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) చేర్చినది. ఉబ్బసానికి నాటువైద్యులు వాడే ఆకు. అంతకన్నా ముఖ్యం, గ్లాసీ టైగర్ అనే సీతాకోకచిలుక వెతుక్కుంటూ వచ్చి గుడ్లు పెట్టే తీగల్లో ఇదొకటి. గుడ్డులోంచి వచ్చిన గొంగళిపురుగుకు ఈ కుటుంబపు మొక్కల ఆకులే తిండి, దొరికిన ఆకల్లా తినదు. లారీల్లో దిగుతున్న నర్సరీ పూలమొక్కలు పెద్దవాటికి తేనె ఇస్తాయేమో, పిల్లలకు మేత మాత్రం ఇవ్వవు. మేకలు సైతం ముట్టని ఆకును కోత యంత్రాలు ఒక్క పూటలో మేసేశాయి.

సీతాకోకచిలుకల మీద, అవి తినే మొక్కల మీద మన ఆంధ్ర విశ్వవిద్యాలయం అధ్యాపకులే పరిశోధన పత్రాలు రాశారు. ఊళ్లో ఉన్నవారికి ఒక్క ఫోను చేయడానికి ఏం అడ్డొచ్చింది? టెండరు పిలిచాక సలహా అడగడం నామోషీ కాబోలు.

2014లో హుద్‌హుద్ తుపాను చెట్లను కూల్చేసి కొండలను బోడి చేసినప్పుడూ ఇలాగే పచ్చదనం అంటూ ఊదరగొట్టారు. నాటిన వాటిలో బతికినవెన్నో లెక్క చెప్పిన నాథుడు లేడు. ఏటా వానాకాలం రాగానే అదే గుంట, అదే గునపం, కొత్త ఫొటో. ఇదే పార్కులో కుళాయికి నీళ్లు రావు, దీపాలు మాత్రం పట్టపగలు వెలుగుతుంటాయి. బెంచీల సంగతి చెప్పనే అక్కర్లేదు. కొత్త బోర్డు మీద ‘సీతాకొక చిలక’ అని రాయించారు. తెలుగు పత్రికలో వార్త వేయించుకున్నవారికి తెలుగు చదవడం రాదా?

కంచెకు ఉత్తరం వైపు ఇంకా కోత పడలేదు. కనీసం ఆ వైపు తీగలను వదిలేయమని కోరుతున్నాను. కూలీలు ఖాళీగా ఉంటారన్న బెంగ ఉంటే, గేటు దగ్గర నిలబెట్టిన సిమెంటు సీతాకోకచిలుకకు రంగులు వేయడం ఎలాగూ మిగిలే ఉంది.

– ఒక పాఠకుడు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం