అడగని మార్పులతో పాడైన పాత హెడ్‌ఫోన్ గురించి ఫిర్యాదు

విశాఖపట్నం,
19 ఆగస్టు 2024.

వినియోగదారుల సేవల విభాగాధికారి గారికి,

విషయం: మరమ్మతుకు పంపిన ఏకేజీ కె240 సెక్స్‌టెట్ హెడ్‌ఫోన్‌లో నేను అడగని మార్పులు చేయడం, విప్పిన అసలు భాగాలను తిరిగి ఇవ్వకపోవడం.

అయ్యా,

గత మే 20వ తేదీన నా పాత హెడ్‌ఫోన్‌ను మీ వర్క్‌షాప్‌కు కొరియర్‌లో పంపాను. మీరు చేయవలసిన పనులు రెండే అని దానితో పాటు పెట్టిన కాగితంలో స్పష్టంగా రాశాను. గట్టిపడి పగుళ్లిచ్చిన ఇయర్ ప్యాడ్ల స్థానంలో అదే లోతు గల కొత్త రెక్సిన్ ప్యాడ్లు వేయడం మొదటిది. లోపల తీగలు తెగుతున్న పాత కేబుల్‌ను తీసి, తరువాతి కె240 నమూనాల్లో ఉన్నట్టుగా కేబుల్‌ను విడిగా తగిలించి తీసే వీలున్న మూడు పిన్నుల మినీ ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ అమర్చడం రెండవది. శబ్దం పుట్టించే డ్రైవర్ల జోలికి, వాటి చుట్టూ ఉన్న ప్యాసివ్ రేడియేటర్లనే పలుచని పొరల జోలికి, లోపలి ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని బట్ట) జోలికి వెళ్లవద్దనీ, విప్పిన ప్రతి భాగాన్నీ విడిగా సంచిలో వేసి తిరిగి పంపమనీ అదే కాగితంలో ఉంది. దాని నకలు మీ ఉద్యోగి సంతకంతో నా దగ్గర ఉంది. ఈ పనికి 14,500 రూపాయలు ముందుగానే చెల్లించాను.

జూన్ 28న హెడ్‌ఫోన్ తిరిగి వచ్చింది. దాని వెంట ‘సంపూర్ణ ధ్వని మెరుగుదల’ అని రాసిన ధ్రువపత్రం, ఒక గ్రాఫు వచ్చాయి. పాత ప్యాడ్లు, వాటి లోపలి స్పాంజి, పాత కేబుల్ మాత్రం రాలేదు.

ఈ హెడ్‌ఫోన్ నాకు ఎందుకు ముఖ్యమో రెండు మాటల్లో చెప్పడం అవసరం. మా నాన్నగారు మద్రాసులోని ఒక రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ విభాగంలో పనిచేసేవారు. తెలుగు సినిమా పాటలు ఇంకా అక్కడే రికార్డవుతున్న రోజులవి. 1979లో ఆయన చేతికి వచ్చిన ఈ హెడ్‌ఫోన్ పదవీ విరమణ దాకా ఆయన వెంటే ఉంది. తలపట్టీ లోపలి వైపు ఆయన తన చేత్తో రాసుకున్న పొడి అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంకొకటి కొనుక్కోమని మీ ప్రతినిధి ఫోనులో నాకు ఇచ్చిన సలహా ఎందుకు పనికిరాదో దీన్నిబట్టి అర్థం చేసుకోగలరని ఆశిస్తున్నాను.

ఇక సాంకేతిక విషయానికి వస్తాను. ఈ నమూనాకు సెక్స్‌టెట్ అన్న పేరు ఊరికే రాలేదు. మధ్యలో ఉన్న ప్రధాన డ్రైవర్ చుట్టూ ఆరు చిన్న గుండ్రటి పొరలు ఉంటాయి, ప్యాసివ్ రేడియేటర్లు అన్నది వీటినే. వాటికి కాయిల్ ఉండదు, విద్యుత్తు అందదు. డ్రైవర్ కదలికకు కప్పులో గాలి ఒత్తిడి మారినప్పుడు అవి కూడా కదులుతాయి. ఆ పొరల బరువు, బిగువు, కప్పు వెనుక ఉన్న గాలి పరిమాణం, ముందున్న ప్యాడు లోతు, ఇవన్నీ ఒకదానితో ఒకటి లెక్కచూసి తయారుచేసిన అమరిక అది. అందులో ఒక్కదాన్ని కదిలించినా కింది స్వరాల తీరు మారిపోతుంది. అందుకే ఆ ఆరు పొరలనూ తాకవద్దని అంత గట్టిగా రాశాను.

తిరిగి వచ్చిన రోజు సాయంత్రమే ప్యాడ్లు తీసి చూశాను. ఎడమ కప్పులో ఆరు రేడియేటర్ల మీదా నల్లటి తారు షీటు ముక్కలు బంకతో అంటించి ఉన్నాయి. కార్ల తలుపుల్లో అదురు తగ్గించడానికి వేసే షీటు లాంటిదే అది. కుడి కప్పులో నాలుగింటి మీదే అంటించి, రెండింటిని అలాగే వదిలేశారు. ఒకవైపు ఆరు, మరోవైపు నాలుగు మూయడానికి ఏ ధ్వనిశాస్త్రంలోనూ కారణం దొరకదు. షీటు చాలకపోవడమో, పని మధ్యలో చేయి మారడమో జరిగి ఉండాలి. ఆ పొరలు చాలా పలుచనివి. బంకతో పట్టుకున్న షీటును లాగితే దానితో పాటే చిరిగిపోతాయి కనుక దాన్ని నేనుగా తీసే ధైర్యం చేయలేదు. ఇక మీరు వేసిన ప్యాడ్లు నేను అడిగిన రెక్సినువి కావు. లోతు ఎక్కువగా ఉన్న వెల్వెట్ ప్యాడ్లు వేశారు. వెల్వెట్ గుండా గాలి జారుతుంది, లోతు పెరిగితే చెవికీ డ్రైవర్‌కూ మధ్య దూరం పెరుగుతుంది, ఈ రెండింటి వల్లా శబ్దం మారుతుందని ఈ వృత్తిలో ఉన్న మీకు నేను చెప్పనవసరం లేదు.

పాడైందని నేను ఎలా తేల్చుకున్నానో కూడా వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇది పాత వస్తువు మీద మమకారంతో కలిగిన భ్రమ అని మీ జూలై 11 నాటి ఈమెయిల్ సూచించింది. నా దగ్గర ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ కచేరీల పాత మోనో రికార్డింగులు ఉన్నాయి. మోనోలో రెండు చెవులకూ ఒకే సంకేతం వెళుతుంది కాబట్టి, హెడ్‌ఫోన్ రెండు వైపులా సమానంగా ఉంటే వయొలిన్, మృదంగం రెండూ తల మధ్యలో ఒకే చోట వినిపించాలి. నలభై ఏళ్లకు పైగా ఈ హెడ్‌ఫోన్‌లో అవి అలాగే వినిపించాయి. ఇప్పుడు వయొలిన్ దాదాపు మధ్యలోనే ఉంది కానీ, మృదంగంలో మంద్రంగా పలికే ముఖం మోగినప్పుడల్లా ఆ గుంకారం కుడివైపుకు ఒరిగిపోతోంది. వాద్యం ఒక చోట ఉండి దాని మంద్రం మరో చోట నుంచి వస్తున్నట్టు ఉంటుంది. దాన్ని పది నిమిషాలు వినలేకపోయాను.

కొత్త సాకెట్‌లో ఒకవైపు తీగలు తారుమారై ఫేజ్ తిరగబడిందేమోనని, అంటే ఒక డ్రైవర్ ముందుకు కదిలినప్పుడు రెండోది వెనక్కి కదులుతోందేమోనని మొదట అనుమానించాను. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని క్షణకాలం తాకించి రెండు డయాఫ్రంలూ ఒకే దిశలో కదులుతున్నాయో లేదో చూశాను. ఫేజ్ సరిగానే ఉంది. సాకెట్ పని శుభ్రంగా చేశారు, సోల్డరింగ్ మెరుస్తోంది, ప్లాస్టిక్ ఎక్కడా పగలలేదు. ఆ పని చేసిన వారెవరో వారి చేతి నేర్పును మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. మల్టీమీటర్‌తో చూస్తే రెండు డ్రైవర్ల నిరోధమూ 600 ఓములకు దగ్గరగా, ఒకదానికొకటి పది ఓముల తేడా కూడా లేకుండా ఉంది. అంటే డ్రైవర్లు బాగున్నాయి. తేడా అంతా వాటి చుట్టూ మీరు చేసిన పనిలో ఉంది.

తరువాత కొలిచాను. మీకు పంపడానికి ముందు, మే నెలలోనే, ఒక మిత్రుడి దగ్గరున్న కె240 స్టూడియో అనే తరువాతి నమూనా ప్యాడ్లు అరువు తెచ్చి తొడిగి, చెవి ద్వారం దగ్గర చిన్న మైకు పెట్టి ఒక్కో వైపు ఐదేసి సార్లు కొలిచాను. ప్రతిసారీ హెడ్‌ఫోన్ తీసి మళ్లీ పెట్టుకుని, ఐదింటి సగటు తీసుకున్నాను. హెడ్‌ఫోన్ తలమీద కూర్చునే తీరు కొద్దిగా మారినా కింది స్వరాల కొలత మారిపోతుంది కాబట్టి ఒక్క కొలతను నమ్మకూడదు. ఆనాడు 100 నుంచి 1,000 హెర్ట్‌జ్ దాకా రెండు వైపుల మధ్య తేడా ఎక్కడా ఒకటిన్నర డెసిబెల్ దాటలేదు. జూలైలో అవే ప్యాడ్లు, అదే మైకు, అదే పద్ధతితో మళ్లీ కొలిస్తే 150 హెర్ట్‌జ్ ప్రాంతంలో ఎడమవైపు కుడివైపు కంటే నాలుగు డెసిబెల్‌లు తక్కువగా ఉంది. ఇంట్లో చేసే ఇలాంటి కొలత ప్రయోగశాల కొలతకు సాటి రాదని నాకు తెలుసు. కానీ ముందూ తరువాతా ఒకే పద్ధతి పాటించినప్పుడు, రెండింటి మధ్య తేడా చెప్పడానికి అది చాలు. నా చెవి చెప్పిందీ, మైకు చెప్పిందీ ఒకటే.

మీరు పంపిన గ్రాఫు గురించి నాకున్న అభ్యంతరం ఇంకా పెద్దది. అందులో ‘ముందు’ అన్న గీత పాత, గట్టిపడిన ప్యాడ్లతో తీసినది. ఆ ప్యాడ్లు చెంపకు అతుక్కోక గాలి వదిలేసేవి, అందువల్ల కింది స్వరాలు పడిపోయి కనిపిస్తాయి. ‘తరువాత’ అన్న గీత కొత్త ప్యాడ్లతో, తారు షీటుతో తీసినది. ఒకేసారి రెండు మార్పులు చేసి, ప్యాడ్ల వల్ల వచ్చిన మేలును షీటు ఖాతాలో వేసి, దాన్ని ధ్రువపత్రంగా ఇచ్చారు. ఆ రెండింటినీ విడదీసే మూడో గీత, అంటే కొత్త ప్యాడ్లతో షీటు లేకుండా తీసినది, ఎక్కడా లేదు. ఉన్న గీతలు కూడా ఒక్క చెవివే. ఎడమ, కుడి రెండూ ఒకే కాగితం మీద వేసి ఉంటే, జరిగిన పొరపాటు మీ బల్ల మీదే బయటపడేది. పైగా ‘తరువాత’ గీత మొత్తంగా ‘ముందు’ గీత కంటే మూడు డెసిబెల్‌లు పైన ఉంది. దాన్ని చూపి ‘వివరం పెరిగింది’ అని రాశారు. కొద్దిగా బిగ్గరగా ఉన్నది ఎవరికైనా మెరుగ్గానే తోస్తుంది, అందుకే పోల్చేటప్పుడు రెండింటి శబ్దాన్నీ ముందు సమానం చేసుకోవాలి. మీ వంటి సంస్థ ఈ ప్రాథమిక జాగ్రత్తను వదిలేయడం నన్ను నిజంగా బాధించింది, ఎందుకంటే మీ ధ్రువపత్రం చూసి సంతోషపడి ఊరుకునే వినియోగదారులు చాలామందే ఉంటారు.

మీ ఈమెయిల్‌లో మరొక మాట ఉంది. ఫోనుకు తగిలించి విన్నప్పుడు శబ్దం చిన్నగా రావడం వల్ల డ్రైవర్లు ‘అలసిపోయాయి’ అనిపించిందనీ, వాటిని సరిచేయడానికే అదనపు పని చేశామనీ రాశారు. ఇది 600 ఓముల హెడ్‌ఫోన్, అంటే నిరోధం ఎక్కువగా ఉన్నందున గట్టిగా మోగడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ఫోను ఇచ్చే సుమారు ఒక వోల్టుతో దీనికి రెండు మిల్లీవాట్లు కూడా అందవు. ఇది స్టూడియో యంత్రాలకు, మంచి ఆంప్లిఫయర్లకు తగిలించడానికి చేసినది, చిన్న శబ్దం దాని జబ్బు కాదు. 1968లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 414 హెడ్‌ఫోన్ అయితే 2,000 ఓములు. దాన్ని మీ ఫోనుకు తగిలించి ఉంటే చనిపోయిందని తేల్చేవారేమో అన్న భయం కలుగుతోంది. ఈ పొరపాటు రోగనిర్ధారణే తరువాతి నష్టానికంతటికీ మూలం.

పాత హెడ్‌ఫోన్లను మార్చనే కూడదని వాదించేవాడిని కాను. నా దగ్గరున్న హెచ్‌డీ 414కు పొడిపొడిగా రాలిపోయిన పసుపు స్పాంజీలు తీసి కొత్తవి నేనే వేశాను. ఫాస్టెక్స్ టీ50ఆర్‌పీ అనే మరో హెడ్‌ఫోన్ కప్పుల్లో ఫెల్ట్, మెత్తటి బంకమట్టి లాంటి పదార్థం పెట్టి వారాల తరబడి విని, కొలిచి, తీసి, మళ్లీ పెట్టి కుదుర్చుకున్నాను. ఆ పనిలో ఉన్న ఆనందం నాకు బాగా తెలుసు. కానీ నేను చేసిన ప్రతి మార్పునూ ఐదు నిమిషాల్లో వెనక్కి తీయవచ్చు, తీసిన ముక్కలన్నీ డబ్బాలో భద్రంగా ఉన్నాయి. పరాయి వారి వస్తువు మీద, అందులోనూ వద్దని రాసి ఇచ్చిన చోట, వెనక్కి తీయలేని బంక వాడడం పూర్తిగా వేరు. ఈ నమూనా తయారీ ఎప్పుడో ఆగిపోయింది. దీన్ని తయారుచేసిన ఏకేజీ సంస్థకు వియన్నాలో ఉన్న కేంద్రం కూడా 2017లో మూతపడింది. ఆ పొరలు చిరిగితే కొత్తవి అడగడానికి నాకు తలుపు లేదు.

జూలై 15న, 29న నేను రాసిన ఈమెయిళ్లకు మీ నుంచి సమాధానం రాలేదు. కనుక నా కోరికలను ఈ లేఖలో రాతపూర్వకంగా మీ ముందుంచుతున్నాను. మీరు వాడిన షీటు పేరు, బంక పేరు ముందుగా తెలియజేయండి. అది తెలిస్తే పొరలకు హాని లేకుండా దాన్ని వదిలించగల మార్గం వెతకవచ్చు. అన్నిటికంటే ఇదే తొందర, ఎందుకంటే బంక ముదిరేకొద్దీ వదలడం కష్టమవుతుంది. నా పాత ప్యాడ్లు, స్పాంజి బిళ్లలు, కేబుల్ ఇంకా మీ దగ్గర ఉంటే వెంటనే పంపండి, పారేసి ఉంటే ఆ మాటే నిజాయితీగా రాయండి. షీటును తీసే పని నా సమక్షంలో, నేను అంగీకరించిన నిపుణుడి చేత మీ ఖర్చుతో జరగాలి. పొరలు దక్కకపోతే, పనిచేస్తున్న మరో సెక్స్‌టెట్‌ను సంపాదించి, దాని భాగాలను మా నాన్నగారి హెడ్‌ఫోన్ చట్రంలో అమర్చి ఇవ్వాలి. సాకెట్ పనికి తగిన రుసుము ఉంచుకుని మిగిలిన సొమ్ము తిరిగి చెల్లించాలి. ఆ ధ్రువపత్రాన్ని రద్దుచేసినట్టు కూడా రాసి ఇవ్వాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా లిఖితపూర్వక సమాధానం రాకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపంగా దీన్ని మా జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు ఉంచుతాను. నేను నివసించే చోటే ఫిర్యాదు చేసే హక్కు ఆ చట్టం నాకు ఇచ్చింది. అయితే నాకు కావలసింది వ్యాజ్యం కాదు, హెడ్‌ఫోన్. మే, జూలై నెలల కొలతల గ్రాఫులు, రెండు కప్పుల లోపలి ఫోటోలు, మీ ఉద్యోగి సంతకం చేసిన పనుల కాగితం నకలు ఈ లేఖకు జతచేశాను. మీ సాంకేతిక నిపుణులు వాటిని చూసి నాతో నేరుగా మాట్లాడదలిస్తే ఏ రోజైనా సాయంత్రం ఆరు తరువాత అందుబాటులో ఉంటాను. బంక పేరు మాత్రం ఈ వారంలోనే తెలియజేయమని మరొక్కసారి కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
(సంతకం)